మద్దిలేటి మార్పించిన ఫోర్కు

ఈశ్వరాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటే వెంటనే బదులు చెప్పేవారు. తమకు కలిగిన మేలు చెప్పుకుంటే మాత్రం చాలాసేపు మాట్లాడేవారు కారు. బేతంచర్లలో ఆయన ఇంటి వసారాలో గురువారం సాయంత్రాలు కొందరం చేరేవాళ్ళం. అక్కడ విన్నవాటిలో చాలా నా మనసులోంచి జారిపోయాయి. ఇది ఇంకా పోలేదు కాబట్టి, విన్న వరుసలోనే రాస్తున్నాను.

శేషఫణి ఆయన శిష్యుల్లో నిష్ఠ గలవాడు. బజారులో ఎరువుల దుకాణం నడిపేవాడు. అంతకు ముందటి ఏడాది అతనికీ భార్య భారతికీ ఉన్న ఒక్కగానొక్క కూతురు విషజ్వరంతో పోయింది. ఆ తర్వాతే అతను కళ్ళు మూసుకుని ధ్యానానికి కూర్చోవడం మొదలుపెట్టాడు. వాన పడినా, ఒళ్ళు వెచ్చబడినా మానలేదు. ఆ గురువారం అతని ముఖం తేటగా ఉంది. ఇప్పుడు తనను ఏదీ కుదపడం లేదని, మేకుకు వేలాడే పాప బడిసంచి చూసినా గుండె జల్లుమనడం లేదని, దుకాణంలో నలుగురితో మామూలుగా మాట్లాడగలుగుతున్నానని చెప్పాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"గురువుగారూ, ఇద్దరికీ పోయింది ఒకే బిడ్డ. నాకు కుదుటపడింది. భారతికి ఎందుకు పడటం లేదు? రోజురోజుకీ ఇంకా చెడిపోతోంది. ఆమెను ఈ దారిలోకి ఎట్లా తేవాల?"

వీధిలో నాపరాళ్ళ లారీ ఒకటి అరుచుకుంటూ పోయింది. గురువుగారు దాని దుమ్ము అణిగేదాకా చూసి, మా వెనక వీధి మద్దిలేటి సంగతి మీకెవరికైనా తెలుసునా అని అడిగారు. మాకు తెలియదు. అప్పుడు చెప్పారు.

మద్దిలేటి రాళ్ళ పాలిషు ఫ్యాక్టరీలో పనివాడు. భార్య సుంకులమ్మకు వెన్నుపూస జారింది. ఆపరేషను అక్కరలేదు, నడుముకు కరెంటు పెట్టించుకుంటూ ఉంటే మానుతుంది, కుదుపులు మాత్రం తగలకూడదు అన్నాడు డాక్టరు. ఆ కరెంటు పెట్టేది డోన్‌లో. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. ఆటోలో కూర్చుంటే నొప్పి ఇంకా ఎక్కువ. మిగిలింది మద్దిలేటి పాత మోటార్‌సైకిలు. రాళ్ళ లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు ఎట్లా తయారైందో మనకు తెలిసిందే.

వాళ్ళిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. గుంట వచ్చే ముందు అతను "గుంట" అని గట్టిగా చెప్పేవాడు. ఒక పక్కకు కూర్చున్న సుంకులమ్మ అతని భుజం మీద చెయ్యి ఆనించి, సీటు మీద నుంచి నడుము కొంచెం పైకి లేపేది. దెబ్బ కాళ్ళకు పోయేది, వెన్నుకు తగిలేది కాదు. ఊరు దాటేలోపు ఆ మాట ఎన్నిసార్లు వినబడేదో గాని, టీ బంకు దగ్గర కూర్చునేవాళ్ళు అతనికి గుంటల మద్దిలేటి అని పేరు పెట్టారు. బండి తోలుతున్నావా, ఊరికి దండోరా వేస్తున్నావా అని ఏడిపించేవాళ్ళు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆమెకు మెల్లగా గుణం కనబడుతోంది. ఆ వేసవిలో చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చింది.

ఆ మేలు ఇంకా తొందరగా కావాలనిపించింది మద్దిలేటికి. మెకానిక్ ఖాజా దగ్గరికి పోయి, బండి ముందు ఫోర్కు మార్చమన్నాడు. ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని ఉండే గొట్టాలు అవి. లోపల స్ప్రింగులు, నూనె ఉంటాయి. దెబ్బను అవి మింగుతాయి. ఖాజా ఎక్కడో వెతికి ఒక పెద్ద బండి ఫోర్కు తెచ్చి, కొత్త స్ప్రింగులు వేసి బిగించాడు. వెనక సీటు కింది స్ప్రింగులు కూడా ఒకసారి చూద్దామా అన్నా అని అడిగాడు గాని, పట్టుబట్టలేదు. గుంటలో ముందు దిగేది ముందు చక్రమే గదా, దెబ్బను అక్కడే ఆపేస్తే వెనక్కి పోయేదేముంది అన్నాడు మద్దిలేటి. ఖాజాకూ అది సబబే అనిపించింది. ఇద్దరూ బ్రేకు పట్టి హ్యాండిలు మీద బలంగా వత్తారు. బండి మెత్తగా దిగి, మెత్తగా లేచింది.

"ఇంక మా వదినెనే కాదన్నా, కోడిగుడ్ల గంపను ఎక్కించుకొని పోయినా ఒక్కటి పగలదు" అన్నాడు ఖాజా.

వెనక సీటు మీద వత్తి చూడాలని ఇద్దరికీ తోచలేదు.

మరునాడు డోన్ దారిలో మద్దిలేటి చేతులకు రోడ్డు తెలియనే లేదు. పాత అలవాటు కొద్దీ కొన్నాళ్ళు గుంట, గుంట అంటూనే ఉన్నాడు. ఆ తర్వాత పెద్దవాటికి మాత్రమే అన్నాడు. ఆ తర్వాత అదీ లేదు. ప్రేమ తగ్గి కాదు. చేతికి తెలియనిది నోటికి గుర్తు రాలేదు, అంతే. గుంటకు నెమ్మది చేయడం కూడా తగ్గింది. దిగిన ప్రతిసారీ ఎట్లుంది అని అడిగేవాడు. అతని ముఖంలో సంతోషం చూసి ఆమె బాగుంది అనేది.

నొప్పి మళ్ళీ మొదలైంది. సుంకులమ్మ బండిని అనుమానించలేదు. తన ఒళ్ళే మాట వినడం లేదనుకుంది. కుదుపు లేని బండి మీద పోతూ కూడా మానలేదంటే, ఇది ఇక మానే జబ్బు కాదనుకుంది. మద్దిలేటీ అట్లాగే అనుకున్నాడు. పథ్యం సరిగ్గా చేయడం లేదని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు కూడా. రాత్రిళ్ళు ఆమె ఎడమ కాలు తిమ్మిరెక్కేది. అది అతనికి చెప్పలేదు.

వానాకాలంలో ఒకరోజు డోన్ ఆసుపత్రి ముందు బండి ఆగింది. మద్దిలేటి స్టాండు వేయబోతూ దిగమన్నాడు. ఆమె దిగలేదు. కాలు కింద పెడితే నిలబడలేదు. అతను పట్టుకోకపోతే ఆ బురదలోనే కూలిపోయేది. ఎత్తుకుని లోపలికి తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టి, ఇట్లా ఎప్పటి నుంచి అని అడిగాడు.

"నువ్వు గుంట అని చెప్పడం మానేసినప్పటి నుంచి" అంది సుంకులమ్మ.

అతనికి మొదట అర్థం కాలేదు. తనకేమీ తగల్లేదే అన్నాడు. తగిలి ఉంటే చెప్పకుండా ఉంటానా అన్నాడు.

"నీకు తగల్లేదని తెలుసు. అందుకే నాకు తగిలిందని చెప్పలేకపోయినా."

సుంకులమ్మ ఇప్పుడు గోడ పట్టుకుని వాకిలి దాకా వస్తుందని, అంతకు మించి రాలేదని గురువుగారు చెప్పారు. మద్దిలేటి ఖాజా దగ్గరికి పోయి పాత ఫోర్కే మళ్ళీ వేయమన్నాడట. ఇప్పుడెందుకన్నా, వదినె ఎటూ ఎక్కడం లేదు గదా అన్నాడట ఖాజా. అయినా వేయించుకున్నాడట. ఒక్కడే పోతున్నా గుంట వచ్చినప్పుడల్లా "గుంట" అంటున్నాడట. బంకు దగ్గర వాళ్ళు ఇప్పుడు ఏడిపించడం లేదు.

శేషఫణి తల వంచుకుని విన్నాడు. అతను తెలివైనవాడు. కాసేపటికి తలెత్తి, వెనకవి కూడా ఆనాడే మార్పించి ఉంటే సరిపోయేది గదా, భారతిని కూడా ఇక్కడికి తీసుకొస్తాను అన్నాడు. గురువుగారు అతని వైపు తిరిగారు.

"నువ్వు ఇక్కడికి బయలుదేరేటప్పుడు ఆమె ఏం చేస్తా ఉండింది?" అని అడిగారు.

శేషఫణి చెప్పబోయాడు. వంటింట్లో ఉంది అన్నాడు. కాదు, మిద్దె మీద బట్టలు తీస్తోంది అన్నాడు. వెంటనే, అది నిన్నటి మాటేమో అన్నాడు. తను వచ్చేటప్పుడు తలుపు ఎవరు వేశారో కూడా అతనికి గుర్తుకు రాలేదు. అతని ముఖంలో అంతసేపూ ఉన్న తేట మెల్లగా పోయింది. ఏడుస్తున్నాడేమోనని మేమెవరమూ అటు చూడలేదు.

గురువుగారు లేచి వసారాలో లైటు వేశారు.

"ఇంటికి పో నాయనా" అన్నారు. "ఈ పూటకు కళ్ళు మూసుకోవద్దు."