ఏడు జోల ముక్కల కట్ట

అనగనగా, సముద్రాలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. నలుగురికీ పేకాటంటే ప్రాణం. ఇప్పటి పేక కాదర్రా అది! నిండు చందమామలా గుండ్రటి ముక్కలు. ముక్కకో బొమ్మ, బొమ్మ కింద దాని పేరు, బొమ్మకో మంత్రం. ముక్కను చాప మీద వేసి పేరు పలికితే చాలు, బొమ్మలో ఉన్నది లేచి వచ్చేది.

ఏడు సముద్రాల అవతల కరాళాక్షుడనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకను కాపలా కాస్తూ వాడు నూరేళ్ళుగా రెప్ప వాల్చలేదు. వాడితో ఆడి ఓడినవాళ్ళు బొమ్మలైపోయి వాడి కట్టలో చేరిపోతారు. రాజు పంతం కొద్దీ వెళ్ళాడు. ముక్కైపోయాడు.

నాన్నను తెస్తానని పెద్దకొడుకు బయల్దేరాడు. నిప్పు, వాన, పులి, ఏనుగు, గొప్ప ముక్కలన్నీ ఏరి కట్ట కట్టాడు. తీరా ఆటలో తన నిప్పును తన వానే ఆర్పేసింది. తన పులిని చూసి తన ఏనుగే పారిపోయింది. పెద్దవాడూ ముక్కైపోయాడు. రెండోవాడు ఇంకా గొప్ప ముక్కలు పట్టుకెళ్ళాడు. వాడూ ముక్కైపోయాడు.

ఇక మూడోవాడు వసంతకేతు.

“నువ్వూ వెళితే నేనెవరికి అన్నం పెట్టుకోను నాయనా?” అంది రాణి.

“నలుగురికీ ఒక్కసారే పెడుదువుగానిలే అమ్మా,” అన్నాడు వసంతకేతు.

అతను తిన్నగా పేకముక్కల మీద బొమ్మలు రాసేవాళ్ళ వీధికి వెళ్ళాడు. అక్కడ సురపొన్న అనే పిల్ల ముక్కలు చెయ్యడానికి పాతగుడ్డల పొరలకు చింతగింజల జిగురు పూస్తోంది.

“నువ్వూ గొప్ప ముక్కలకే వచ్చావా?” అంది చెయ్యి ఆపకుండా. “బెల్లం మంచిదే, చేపా మంచిదే, పెరుగూ మంచిదే. మూడూ ఒకే కుండలో ఉడకబెడితే ఎవరు తింటారు రాజా? మీ అన్నలు చేసింది అదే. కట్టంతా కలిసి ఒక్క మాట చెప్పాలి. ఏం చెప్పిద్దాం?”

వసంతకేతు ఆమె పక్కనే కూర్చున్నాడు. “వాడు నూరేళ్ళుగా నిద్రపోలేదట. ‘పడుకో’ అని చెప్పిద్దామా?”

సురపొన్న నవ్వబోయి ఆగిపోయింది. “ఆ మాట వాడితో ఎవరూ అని ఉండరు,” అంది మెల్లగా.

చల్లగాలి, సన్నవాన, మెత్తటి తలగడ, మజ్జిగ కవ్వం చప్పుడు... ఆటకు ఏడు ముక్కలు కావాలి, ఈ నాలుగు మంత్రాలూ ఆమెకు వచ్చు. మిగతా మూడు అతనే తేవాలి. అతను అడవికి వెళ్ళి గాలికి తెగబోతున్న గిజిగాడి గూటిని నారతో కట్టాడు. “ఇదిగో, నా గూటి ఊపు పట్టుకెళ్ళు,” అంది పిట్ట. వానలో తడిసిన పిల్లిని ఒళ్ళో పెట్టుకుని తుడిచాడు. “ఇదిగో, నా గురగుర పట్టుకెళ్ళు,” అంది పిల్లి. మూడోది ఎక్కడా దొరక్క, ఇంటికొచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. రాణి వీపు మీద జోకొట్టింది. మూడో మంత్రం అదే.

సురపొన్న ఏడు ముక్కలూ రాసి లక్క పూసింది. “మూడు రోజులు ఆరాలి. పచ్చి లక్క మీద ముక్కలు పేర్చకు రాజా, అతుక్కుపోతాయి,” అంది.

కానీ సముద్రపొడ్డున, అతన్ని మోసుకెళ్తానన్న తాబేలు తాత తొందరపెట్టాడు. ఇసుకలో వెల్లకిలా పడి ఉంటే వసంతకేతు తిరగేసిన తాత ఆయన. “ఈ పోటుకు బయల్దేరకపోతే మళ్ళీ ఏడాదికే, మనవడా!” రెండో రోజే వసంతకేతు ముక్కలు పేర్చేసి మూటగట్టుకున్నాడు.

తాబేలు వీపు మీద ఏడు సముద్రాలు దాటాడు. ఒకటి పాలలా ఉంది, ఒకటి పసుపులా ఉంది, ఒకటి నెమలి మెడలా మెరిసింది. ఏడోదానికి అసలు చప్పుడే లేదు.

మిట్టమధ్యాహ్నం మాంత్రికుడి కోట చేరాడు. వాడి కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి.

“రారా అబ్బాయ్! మీ నాన్నా, మీ అన్నలూ ఇక్కడే ఉన్నారు. ఒక్క ముక్క తక్కువైంది నాకు. చెరి ఏడు ముక్కలు. ఏడూ వెయ్యలేనివాడు ఓడినట్టే. వేసిన ముక్కను వేసినవాడు ముట్టుకోకూడదు.”

మాంత్రికుడు పులిని వేశాడు. వసంతకేతు చల్లగాలి వేశాడు. పులి ఆవులించి పంజాల మీద తల పెట్టుకుంది. మాంత్రికుడు మంట వేశాడు. సన్నవానలో మంట కుంపటంత అయిపోయింది. ఒక్కో ముక్కకూ గది చల్లబడింది, మెత్తబడింది, ఊగింది. వసంతకేతుకే నిద్రొచ్చి తొడ గిల్లుకుంటున్నాడు. మాంత్రికుడి రెప్పలు బరువెక్కాయి. కానీ వాలలేదు.

ఆరో ముక్క వేసి చూసుకుంటే వసంతకేతు చెయ్యి ఖాళీ!

సురపొన్న మాట గుర్తొచ్చింది. ఏడోది ఆరోదాని కింద అతుక్కుపోయింది. ముట్టుకోవడానికి లేదు.

“ఏడోదేదిరా?” అని మాంత్రికుడు వంగి, ఆరో ముక్కను తట్టి చూశాడు. “ఇదేంటి, ఇంత మందంగా ఉంది? రెండు అతికించి నన్నే మోసం చేస్తావా?” అని గోటితో చీల్చి, కింది ముక్క కళ్ళ దగ్గర పెట్టుకుని పైకి చదివాడు.

“జోకొట్టే చెయ్యి.”

పేరు పలికాడు కదా! ముక్కలోంచి గాజుల చెయ్యి ఒకటి వచ్చి వాడి వీపు మీద పడింది. జో... జో...

“నన్నెప్పుడూ ఎవరూ ఇలా...” అంటూనే వాడు చాప మీద ఒరిగిపోయాడు. వాడి పక్కనున్న చిలక కూడా ముక్కును రెక్కలో దాచుకుంది. మాయ సడలింది. కట్టలోంచి రాజు లేచాడు, అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు.

“తమ్ముడూ, చిలక మెడ విరిచేద్దామా?” అన్నాడు పెద్దన్న.

“ష్! పడుకోనీ అన్నయ్యా,” అన్నాడు వసంతకేతు. నలుగురూ మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటికొచ్చారు.

తాబేలు తాత వీపు మీద ఇల్లు చేరిన మధ్యాహ్నం రాణి నలుగురికీ ఒక్కసారే అన్నం పెట్టి, ఎన్నాళ్ళకో తనూ కునుకు తీసింది. వసంతకేతుకు సురపొన్నతో పెళ్ళయింది. పీటల మీదే ఆమె అడిగింది: “ఆరకుండానే పేర్చావు కదూ?” అతను తల వంచుకున్నాడు. ఆ తరవాత వాళ్ళు చాలా ఏళ్ళు చల్లగా ఏలారు.

కరాళాక్షుడు ఇంకా లేవలేదు. మధ్యాహ్నం పూట సముద్రం దగ్గర హోరు వినిపిస్తుందే, అది వాడి గురకే. ఆ ఏడో ముక్క ఏమైందంటారా? ఇప్పుడు మీ వీపు మీద జోకొడుతున్నది అదేనర్రా. కళ్ళు మూసుకోండి.