అసిరమ్మ దిగిన బావి

ఊ కొడుతూ వినండి. మా ముత్తాతలు మొలతాడుతో తిరిగే రోజుల మాట ఇది.

కొంగలేటికి ఇటు నేరేడువలస, అటు ఉప్పరపేట. ఎండాకాలంలో ఆ ఏరు మోకాలి లోతే. వానాకాలంలో మాత్రం ఏనుగు దిగినా కొట్టుకుపోయేది. పడవ వేసే ధైర్యం ఎవరికీ లేదు.

నేరేడువలసలో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. తట్ట మోస్తే కూడు, మొయ్యకపోతే పస్తు. మొగుడు లేడు. ఒక్కతే కూతురు, ఎర్రమ్మ. ఆ పిల్ల తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. శ్రావణ మాసంలో నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసానిదేమో ఉప్పరపేట. ఇటు నుంచి కేకలేస్తే ఆవిడ పరుగున వచ్చి అవతలి గట్టు మీద నిలబడింది. మధ్యన ఏరు. తెల్లారింది మొదలు పొద్దు వాలేదాకా మంత్రసాని అక్కడే నిలబడి ఉంది. ఇక్కడ తల్లీ పోయింది, బిడ్డా పోయింది.

కొన్నేళ్లకి ఏటి మీద ఇనప వంతెన కట్టడానికి ఒక దొర వచ్చాడు. ఆయనతో పైడయ్య అనే మేస్త్రీ వచ్చాడు. అందరికంటే ముందు తట్ట పట్టుకుని పనికి వచ్చింది అసిరమ్మే.

ఏటి నడుమ స్తంభం లేవాలంటే ముందు బావి దింపాలి. ఇసక మీద గుండ్రంగా రాతిగోడ కడతారు. మనుషులు లోపలికి దిగి ఇసక తోడుతారు. తోడేకొద్దీ గోడ తన బరువుకి తానే కిందికి దిగుతుంది. గట్టి రాయి తగిలేదాకా దిగాలి.

తోడారు. బావి ఒరిగిపోయింది. సరిచేసి తోడారు. మళ్లీ ఒరిగిపోయింది. మూడోసారి ఒరిగినప్పుడు లోపల ఇద్దరికి కాళ్లు విరిగాయి. ఇంక మేం దిగం అన్నారు అందరూ.

అప్పుడు పుట్టింది ఆ మాట. ఏరు మనిషిని అడుగుతోందట. ఎవరు మొదట అన్నారో తెలీదు గానీ పొద్దున పుట్టిన మాట మధ్యాహ్నానికి రెండూళ్లూ తిరిగింది. తల్లులు పిల్లల్ని ఇళ్లలో పెట్టి గడియ వేశారు.

వంటపాక దగ్గర కట్టెలు కొట్టే గవరయ్య ఉన్నాడు. మాటలు రావు. ఏదో వరదలో ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. ఎక్కడివాడో, ఎవరి బిడ్డో తెలీదు. పోతే అడిగేవాళ్లు లేరు. అందరి చూపూ వాడి మీద పడింది. దొర పట్నం వెళ్లిన రోజు చూసి వాడికి నీళ్లు పోశారు, పసుపు రాశారు, మెడలో బంతిపూల దండ వేశారు. ఏదో పండగనుకుని వాడు నవ్వుతూ వాళ్ల వెంట నడిచాడు.

అసిరమ్మ తట్ట కింద పెట్టి వాళ్లకి అడ్డంగా నిలబడింది.

పైడయ్య నెమ్మదిగానే అడిగాడు. "మంత్రసాని ఈ ఏరు దాటలేకే కదమ్మా నీ కూతురు పోయింది? నీకు వంతెన అక్కర్లేదా?"

"కావాల బాబూ. మీ అందరికంటే నాకే ఎక్కువ కావాల" అంది అసిరమ్మ. "అలాగని నా పిల్ల పోయిందని ఇంకో తల్లి బిడ్డని గోతిలో ఎయ్యమంటానేటి? ఏటికి మనిషే కావాలంటే నేను దిగుతాను. నన్ను తీసుకోమను. తీసుకోకపోతే ఈ మాట మళ్లీ ఎవ్వరూ అనొద్దు."

చీర కొంగుతో గవరయ్య మొహం మీది పసుపు తుడిచింది. మెడలో దండ తీసి ఏట్లో పారేసింది. తాడు ఒక కొస వాడి చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని బావిలోకి దిగిపోయింది.

లోపల చీకటి, నడుం దాకా నీళ్లు. తాడు కింద అప్పటికే గుంత పడి ఉంది. అందుకని ఆమె అవతలి అంచుకి పోయి తవ్వడం మొదలుపెట్టింది. మొదటి తట్ట నింపింది, గవరయ్య లాగాడు. గట్టు మీదివాళ్లు చూస్తున్నారు. రెండో తట్ట నింపింది, గవరయ్య లాగాడు. గట్టు మీదివాళ్లు తలలు దించుకున్నారు. మూడో తట్ట వచ్చేసరికి పైడయ్య తలపాగా విప్పి పక్కన పెట్టి తానూ దిగాడు. దిగి చూశాక గానీ అతనికి తెలిసి రాలేదు. ఇన్నాళ్లూ దిగినవాళ్లంతా భయపడి, తప్పించుకోవడానికి వీలుగా తాడు పక్కనే తవ్వారు. అవతలి అంచుకి ఒక్కరూ పోలేదు. బావి ఒరగక ఏం చేస్తుంది?

ఒకరి వెనక ఒకరు దిగారు. పొద్దు వాలుతుండగా గోడ పెద్ద చప్పుడు చేసి కదిలింది. అంతా అయిపోయిందనుకున్నారు. గోడ కూలలేదు. నిటారుగా కూర్చుంది. లోపలి నుంచి అసిరమ్మ నవ్వు వినబడింది. కూతురు పోయాక ఆమె నవ్వగా ఎవరూ వినలేదు.

బావి రాయికి తగిలింది. స్తంభాలు లేచాయి. ఎడ్లబళ్ల మీద ఇనప దూలాలు వచ్చాయి. వంతెన మీద ముందు ఎవరు నడవాలని దొర అడిగితే రెండూళ్లూ ఒకే పేరు చెప్పాయి. గవరయ్య చెయ్యి పట్టుకుని అసిరమ్మ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడిచింది. ఆ ఏడే పెద్ద వరద వచ్చింది. చెట్లకి చెట్లే వచ్చి స్తంభాలకి కొట్టుకున్నాయి. వంతెన కదల్లేదు. ఆ వరద మీదుగానే ఉప్పరపేట మంత్రసాని మొదటిసారి నేరేడువలసకి ఒక కాన్పు చెయ్యడానికి నడిచి వచ్చింది. పుట్టింది ఆడపిల్ల. ఆ పిల్లకి ఏం పేరు పెట్టారో వేరే చెప్పాలా?

అసిరమ్మ నిండుగా బతికి పోయింది. గవరయ్యే కొడుకై తలకొరివి పెట్టాడు.

ఇప్పుడు పక్కనే కాంక్రీటు వంతెన వచ్చింది. లారీలూ బస్సులూ దాని మీదే పోతాయి. దానికి పునాది తీసేటప్పుడు మేకపోతుని కోస్తామంటే రెండూళ్ల వాళ్లూ ఒప్పుకోలేదు. మా ఏటి దగ్గర నెత్తురు చిందకూడదన్నారు. ఊళ్లో అందరికంటే పెద్ద ముసలమ్మ చేత మొదటి తట్ట మట్టి తీయించి పని మొదలుపెట్టారు.

నేటికీ ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి వచ్చే తల్లి వంతెన మొదట్లో ఆటో దిగుతుంది. ఆటో ఖాళీగా కాంక్రీటు వంతెన మీద పోతుంది. ఆమె మాత్రం బిడ్డని ఎత్తుకుని ఇనప వంతెన మీద నడుస్తుంది. నడుమ స్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగి, బిడ్డ మొహం మీది గుడ్డ తీసి ఏటి వైపు చూపిస్తుంది.

"ఇద్దరం వచ్చేశాం, అసిరమ్మా" అంటుంది.