చల్లారిన ఇంజను

ఎవరు ఏ సందేహం అడిగినా నరహరి పంతులుగారు కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికి ఆ వారం ఏం పని ఉందో కనుక్కుని, "అయితే నేనూ వస్తాను పద" అనేవారు. ఆ అలవాటు పుణ్యమా అని ఆయన శిష్యుల వెంట పెళ్ళిచూపులకు, గట్టు తగాదాలకు, ఒకసారి పంటి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళివచ్చారు. నల్లకుంటలో ఆయన ఇంటి వరండాలో ఆదివారాలు గీత చదువుకునే పెద్దవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆయనకు వీలుపడని వారం చూసి మరీ ప్రశ్నలడిగే గడుసువాళ్ళూ వాళ్ళలో ఉండేవారు.

సాంబిరెడ్డి అంత గడుసువాడు కాదు. చీమకుర్తి దగ్గర నల్లరాతి క్వారీలో రాయికి బెజ్జాలు వేసే కూలీగా మొదలై, సొంత క్వారీ సంపాదించి, హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నవాడు. ఇన్నేళ్ళయినా అరచేతుల గరుకు పోలేదు. ఒక ఆదివారం అందరూ లేచి వెళ్ళాక ఆయన నసుగుతూ అడిగాడు.

"పంతులుగారూ, గర్వం తప్పేనంటారా? విదేశీ స్పోర్ట్స్ కారు ఒకటి కొంటున్నానండీ. ఎర్రది, ఇద్దరు పట్టేది. కొత్తది కొనే తాహతు లేదు, ఒకరు వాడిందే. అయినా తలుచుకుంటేనే ఛాతీ ఉబ్బుతోంది. ఇక్కడికొచ్చి అహంకారం వదలాలని చదువుతుంటే, ఏదో దొంగతనం చేస్తున్నట్టుగా ఉందండీ."

"ఎప్పుడు కొంటున్నావు?"

"గురువారం. ముహూర్తం పెట్టించాను. మావాళ్ళందరికీ చెప్పేశాను."

"నడిపి చూశావా?"

"ఫొటోల్లో చూశానండీ."

పంతులుగారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. "పిల్లను చూడకుండా లగ్నం పెట్టించావన్నమాట. సరే, గురువారం నేనూ వస్తాను."

కారు చూడకముందే ముహూర్తం చూసుకోవడం మనవాళ్ళకు బాగా వచ్చిన విద్య. గురువారం పొద్దున పాత కార్లమ్మే ఆ అద్దాల షోరూం ముందు సాంబిరెడ్డి బంధువర్గమంతా పెళ్ళికి వచ్చినట్టు దిగింది. బావమరిది శేషగిరి ఫోను పట్టుకుని, ఊళ్ళోవాళ్ళకు పంపడానికి వీడియో తీస్తున్నాడు. పురోహితుడు అప్పటికే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయకు పసుపు రాస్తున్నాడు. నడుమ ఎర్ర కారు మెరిసిపోతోంది. షోరూం యజమాని కిరీటి మీట నొక్కగానే ఇంజను గర్జించింది, జనం చప్పట్లు కొట్టారు. సాంబిరెడ్డికి కళ్ళు చెమర్చాయి. రాతిదుమ్ములో దగ్గుతూ తిరిగిన మనిషికి అలాంటి రోజొకటి వస్తే ఆ మాత్రం ఉండదా మరి!

ఇంజను ఆపి తాళం ఆయన చేతికివ్వబోతుండగా పంతులుగారు పక్కకు వచ్చి నిలబడ్డారు.

"సాంబిరెడ్డీ, క్వారీకి పాత కంప్రెసరు కొనేటప్పుడు మొట్టమొదట ఏం చేస్తావు?"

"ఇంజను మీద చెయ్యి వేస్తానండీ. వేడిగా ఉంటే, చల్లారిందాకా కదలను."

అలవాటు మీద నోటికొచ్చిన మాట అది. అన్నాక గాని తన చెవిన పడలేదు. ఆ కారు ఇంజను సీట్ల వెనక ఉండే రకం. సాంబిరెడ్డి మెల్లగా వెనక్కి నడిచి మూత మీద అరచెయ్యి ఆనించాడు. క్షణం తిరిగిన ఇంజను అంత కాలదు. పొద్దున్నుంచీ ఎవరో దాన్ని బాగా తిప్పి పెట్టారు. వేడెక్కిన ఇంజను తన జబ్బు బయటపెట్టదని ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. పాత కంప్రెసర్లు అమ్మేవాళ్ళు ఆయన వస్తున్నాడంటే ముందే ఇంజను వేడెక్కించి పెట్టేవారు.

"ఇది చల్లారాక ఇంకోసారి స్టార్ట్ చేద్దామండీ" అన్నాడు.

కిరీటి నవ్వు చెదరనివ్వలేదు. "తప్పకుండా సార్. కానీ పదకొండు దాటితే వర్జ్యం అని మీ పురోహితులే అంటున్నారు. ఇంతమంది వచ్చారు. మీ ఇష్టం."

నిజానికి అతను పట్టుకోవలసిన చోటే పట్టుకున్నాడు. సాంబిరెడ్డి చుట్టూ చూశాడు. అత్తగారి వైపువాళ్ళు, క్వారీ మేస్త్రీలు, శేషగిరి చేతిలో ఫోను. ఇప్పుడు కాదంటే నలుగురిలో నవ్వులపాలు. అవునంటే, ఇన్నేళ్ళు రాళ్ళతో తన్నుకుని కూడబెట్టినదంతా ఈ వేడి మూత కింద ఏముందో తెలియకుండానే పోయాలి. సాయం చేస్తారేమోనని పంతులుగారి వైపు చూశాడు. ఆయన చక్రం కింద నిమ్మకాయ వైపు శ్రద్ధగా చూస్తున్నారు.

"అయ్యా, కొబ్బరికాయ పక్కన పెట్టండి" అన్నాడు సాంబిరెడ్డి పురోహితుడితో. కుర్చీ లాక్కుని కారు వెనకే కూర్చున్నాడు.

ముహూర్తం దాటిపోయింది. పురోహితుడు వేరే గృహప్రవేశం ఉందని వెళ్ళిపోయాడు. చుట్టాలు గుసగుసలాడి, మొహాలు మాడ్చుకుని, ఆఖరికి భోజనాలకు పోయారు. సాంబిరెడ్డి మాత్రం మధ్యమధ్యలో లేచి మూత తాకి చూసి మళ్ళీ కూర్చునేవాడు. మధ్యాహ్నం ఎండ తిరిగాక, చెయ్యికి చల్లగా తగిలిందని తేల్చుకుని, "ఇప్పుడు తిప్పండి" అన్నాడు.

ఇంజను లోపల ఎవరో సుత్తి పెట్టి కొడుతున్నట్టు టకటకలాడింది. వెనక నుంచి నీలం పొగ గుప్పున లేచింది. కాసేపు నడిచి వేడెక్కేసరికి ఆ రెండూ మాయమై, పొద్దుటి గర్జన మిగిలింది.

"పాత బండి కదా సార్, ఆమాత్రం ఉంటుంది" అన్నాడు కిరీటి.

"ఉంటుంది బాబూ. ఉందని పొద్దున చెప్పాల్సింది." సాంబిరెడ్డి తాళం ముట్టకుండానే బయటికి నడిచాడు.

బయట శేషగిరి తల కొట్టేసినట్టు నిలబడ్డాడు. "ఊళ్ళో ఏమని చెప్పమంటావు బావా?"

"మీ బావ పొద్దంతా కూర్చుని ఇంజను విన్నాడని చెప్పు."

తర్వాత కొన్నాళ్ళకు తార్నాకలో డాక్టర్ వనమాల అనే ఆవిడ తన స్పోర్ట్స్ కారు అమ్ముతున్నారని తెలిసింది. ఎముకల ఆపరేషన్లు చేసి రిటైరయిన మనిషి. ఫోన్లోనే, "పొద్దున్నే రాండ్రి. మీరొచ్చిందాంక నేను తాళం ముట్ట" అన్నది. సాంబిరెడ్డి ఈసారి పంచాంగం తెరవలేదు. ఆ వేళ రాహుకాలమని శేషగిరి రానన్నాడు. వెంట పంతులుగారొక్కరే వెళ్ళారు.

కారు పసుపుపచ్చది, ఎర్రది కాదు. సాంబిరెడ్డి నోరు తెరవకముందే వనమాల దాని చుట్టూ తిప్పి చూపించింది. "ఈ మూల నేనే గుద్దిన, మా గేటుకే. రంగు మళ్ళ ఏయించిన, జర తేడా కొడ్తది. ఈ సీటు నా పిల్లి గీకింది. గిది తప్ప నా బండికి వంక లేదు." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ తల ఎత్తిన తీరు సాంబిరెడ్డికి ఎంతో నచ్చింది. మూత మీద చెయ్యి వేస్తే రాయిలా చల్లగా ఉంది. తిప్పగానే ఇంజను ఒక్క గుక్కలో పలికింది, ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"మీరు నడుపుతరా, షెడ్డుల పెట్టి జనానికి చూపిస్తరా?" అని అడిగింది వనమాల.

"నడుపుతానమ్మా."

"అట్లయితే తీస్కపోండ్రి. మోకాలు క్లచ్చి తొక్కనిస్తలేదు గానీ, లేకుంటే మీకిత్తునా?"

వ్యవహారాలన్నీ ముగిశాక, పంతులుగారిని ఆ పల్లపు సీట్లో కూర్చోబెట్టడానికి ఇద్దరూ కష్టపడవలసి వచ్చింది. సాంబిరెడ్డి నల్లకుంట దాకా నడిపాడు. ఆయన గర్వానికి ఆ పూట అంతులేదు, దాచుకునే ప్రయత్నమూ చెయ్యలేదు. గేరు మార్చిన ప్రతిసారీ చెవి కొంచెం వెనక్కి వంచి, ఇంజను అన్న మాటకు తనలో తనే తలాడిస్తున్నాడు. ఇంటి ముందు ఆపాక గాని గుర్తు రాలేదు.

"పంతులుగారూ, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది."

ఆయన ఒక కాలు బయట పెట్టి, పంచె సర్దుకుంటూ అన్నారు: "దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా జనం నిన్నే చూశారు నాయనా. నువ్వు మాత్రం ఇంజను వింటూ ఎవరినీ చూడలేదు."