కళ్లు నులుముకునే తీర్పు

ఒక రాజ్యంలో తీర్పు చెప్పే ముందు రాజు రెండు పిడికిళ్లతో కళ్లు గట్టిగా నులుముకునేవాడు. ఆ ఆచారం తాతరాజు నాటిది. పాపం, ఆయనకు నిండుసభలో నిద్ర ముంచుకొచ్చి నులుముకున్నాడు. సభవాళ్లు అది సత్యాన్ని తేటగా చూడటానికే అనుకుని శిలాశాసనం చెక్కించారు. పెద్దల పొరపాటు రాతికెక్కాక దింపేదెవరు?

మనవడైన ఈ రాజుకు నులుముకోవడం వంశం నుంచి వచ్చింది, దురద పూలతోటలోంచి వచ్చింది. పూలు విరగబూసే రోజుల్లో తీర్పులు లేకపోయినా నులుముకునేవాడు. కొన్నేళ్లకు దీపాలకు తోకలు మొలిచాయి. చంద్రులు ఇద్దరయ్యారు, మంత్రులూ ఇద్దరయ్యారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడొద్దని రాజు కసిరితే, ఉన్న ఒక్క మంత్రీ పక్కనున్న ఖాళీకేసి తిరిగి నోరు మూసుకోమని సైగ చేసేవాడు. కొలువు నిలబెట్టుకోవడమంటే మాటలు కాదు.

ఇదంతా రాజుకు నవ్వులాటగానే ఉండేది. ఒకనాడు ఏడేళ్ల కూతురు సింహాసనం పక్కన కూర్చుని బొమ్మల తగువు తీరుస్తూ, తీర్పుకు ముందు అచ్చం తండ్రిలాగే కళ్లు నులుముకుంది. దీపం ఎలా కనిపిస్తోందని అడిగాడు రాజు. చిన్న తోక వచ్చిందని మురిపెంగా చెప్పింది. అంతటితో ఆయనకు నవ్వులాట తీరిపోయింది.

నేరస్థుల వేట మొదలైంది. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా? మల్లెపందిరి నరికించారు. పిల్లిని పొలిమేర దాటించారు. తాతరాజు చిత్రపటాన్ని గోడవైపు తిప్పి నిలబెట్టారు. దుమ్ము లేవకుండా నడవాలని మేకలకు దండోరా వేయించారు. పాప మాత్రం నులుముకుంటూనే ఉంది.

చివరికి కంటి వైద్యురాలిని పిలిపించారు. ఆవిడ పెద్ద వయసు మనిషి, ఎవరికీ జడిసే రకం కాదు. ఇద్దరి కళ్లూ చూసి, నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర పలచబడి ముందుకు పొడుచుకొస్తోందని చెప్పింది. రాజుకు మునుపటి చూపు మళ్లీ రాదట. పాపకు ఇప్పుడే మొదలు కాబట్టి ముదరకుండా చూసుకోవచ్చట. వంశంలో ఉన్నదాన్ని తీసేయలేమనీ, దురదకు మందు వేస్తాననీ అంది.

"మరి అసలు దోషి ఎవడు?" అన్నాడు రాజు.

"ఉంగరాలు పెట్టుకుని తమరి ఒళ్లోనే కూర్చున్నాడు ప్రభూ."

రాజు ఒళ్లోకి చూసుకున్నాడు. నాలుగు చేతులు కనిపించాయి. ఆచారం మానేస్తే తీర్పులు చెల్లవేమోనని మంత్రి నసిగాడు. అంతలో పాప పిడికిళ్లు కళ్ల దగ్గరికి వెళ్లాయి. రాజు సింహాసనం దిగి వాటిని పట్టుకోబోయాడు. మొదటిసారి గాలి చిక్కింది. రెండోసారి పాప చేతులు దొరికాయి. ఇక వదల్లేదు.

ఈలోగా ఆయన కళ్లు దురదతో మండిపోయాయి. నీళ్లు ధారలుగా కారుతున్నాయి. చేతులు లాక్కోవాలని ఆయనకు ఎంత ఉందో సభలో అందరికీ తెలుస్తూనే ఉంది. పాప కూడా తండ్రి వేళ్లను గట్టిగా పట్టుకుంది.

"ఇక చేతులు వదలండి, మందు వేస్తాను" అంది వైద్యురాలు.

"నేను వదిలితే ఇది నులుముకుంటుంది" అన్నాడు రాజు.

"నేను వదిలితే నాన్న నులుముకుంటాడు" అంది పాప.

వైద్యురాలు ఇద్దరినీ అలాగే కూర్చోబెట్టి కళ్లలో చుక్కలు వేసింది. మందు చేయాల్సిన పనిలో సగం ఆ పట్టుకున్న చేతులే చేశాయంటూ సంచి భుజానికి తగిలించుకుంది. ఆ రోజు సభలో ఒక్క తీర్పూ వెలువడలేదు. మధ్యాహ్నం రాణి వచ్చి ఇద్దరికీ అన్నం కలిపి నోట్లో పెట్టింది.