చప్పుడు కాని వంటలు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కూడా కాదు, మా నాయనమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పిన నాటి మాట. కృష్ణ ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక ఇల్లు, ఇంటి నిండా తినేవాళ్ళే. కిట్టూ, నా కాలు మీంచి లేవరా, పొద్దుటి నించీ అసలే పీకుతోంది. చిన్న కథే చెప్తాను, పెద్దది చెప్పే ఓపిక నాకు లేదు. అమ్మడూ, నువ్వు ఊ కొట్టు. వాడు సగంలోనే నిద్రపోతాడు.

ఆ ఇంటి పెద్దకోడలి పేరు నాంచారమ్మ. కాపరానికి వచ్చిన రోజు బొద్దుగా, నిండుగా ఉండేదట. ఏడాది తిరిగేసరికి ఎండిన మునక్కాడలా అయిపోయింది. ఎందుకైందో చెప్తా వినండి.

కోడి కూయకముందే లేచేది. లేచి కళ్ళాపి చల్లేది, చల్లి పొయ్యి అలికేది, అలికి నిప్పు రాజేసేది, రాజేసి ఎసరు పెట్టేది. మామగారికి పళ్ళు లేవు, అన్నం మెత్తగా ఉడకాలి. మొగుడు రంగనాయకులికి మెతుకుకి మెతుకు అంటుకోకూడదు. మరుదులకి కారం నషాళానికి అంటాలి. ఆడపడుచుకి కారం తగిలితే కళ్ళంట నీళ్ళు. అత్తగారు భద్రమ్మకి ఏది వండినా సరే, కాకపోతే ఏది వండినా ఉప్పు చాల్లేదు. ఇన్ని రకాలూ ఒక్క చేత్తో వండి, వడ్డించి, ఎత్తి, కడిగి, మళ్ళీ సాయంత్రానికి మొదలు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుండేది. వండిన మనిషి అందరికన్నా ఆఖర్న తినాలి. ముందు మగవాళ్ళ బంతి, తరవాత పిల్లల బంతి, ఆ తరవాత అత్తగారు. అత్తగారు చెయ్యి కడుక్కుంటూనే పొయ్యిలో కట్టెలు బయటికి లాగేసేది, పుల్లలు దండగని. అప్పుడు నాంచారమ్మ కూచునేది. అడుగున చల్లారిపోయిన అన్నం, గిన్నె కడిగిన నీళ్ళలాంటి చారు. అలిసిన ఒంటికి ఆ ముద్ద మింగుడు పడేది కాదు. రెండు ముద్దలు తిని ఇంక చాల్లెమ్మని లేచిపోయేది.

పిల్ల ఎండిపోతోందని ఇంట్లో అందరూ చూశారు. చూసి ఏం చేశారు? సోదెమ్మని పిలిపించారు. ఏదో గాలి సోకిందని సోదెమ్మ చెప్పింది. మెడకో తాయెత్తు కట్టారు, జబ్బకో తాయెత్తు కట్టారు. కషాయం కాచారు, అది కూడా ఆవిడ చేతే కాయించారు. తాయెత్తుల బరువు పెరిగింది గానీ పిల్ల బరువు పెరగలేదు. పిల్లా, అన్నం తిన్నావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అందరికీ అన్నం పెట్టే మనిషి తినకుండా ఎలా ఉంటుందనుకున్నారు.

ఆఖరికి భద్రమ్మ తేల్చేసింది. ఉగాదిలోగా కోడలు ఒళ్ళు చేస్తే సరేసరి, లేకపోతే పుట్టింటికి పంపించేసి రంగనాయకులికి ఇంకో సంబంధం చూస్తానంది. రంగనాయకులు మంచివాడే, కానీ అమ్మ మాటకి ఎదురు చెప్పడం పుట్టి ఎరగడు. తలొంచుకుని పొలం వెళ్ళిపోయాడు. నాంచారమ్మ ఎక్కడికని వెళ్తుంది? పుట్టింట్లో అమ్మ లేదు, ఉన్నది వదినే. వెనక్కి పంపేసిన ఆడపిల్లని ఆ వదిన గుమ్మం ఎక్కనిస్తుందా? ఒళ్ళు చెయ్యాలంటే ఏం చెయ్యాలో ఆ పిల్లకి తెలీదు పాపం, ఇంకో తాయెత్తు కట్టించుకుంది.

ఊ కొడుతున్నారా, లేక గోడకి చెప్తున్నానా? సరే.

ఓ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ భోంచేసి నిద్రపోతున్నారు. నాంచారమ్మ వంటింట్లో గోడకి చేరగిలబడి కూచుంది. అటక మీంచి ఎవరో పిలిచారు. తలెత్తి చూస్తే ఆవకాయ జాడీల మధ్య ఒక ఆడమనిషి కూచుని ఉంది. తనలాగే సన్నగా, తనలాగే కళ్ళు లోపలికిపోయి. కాళ్ళు చూస్తే వెనక్కి తిరిగి ఉన్నాయి. దయ్యం.

నాంచారమ్మ భయపడలేదు. భయపడ్డానికి కూడా ఓపిక ఉండాలి కదమ్మా. ఏం కావాలని అడిగింది. దయ్యం తన గోడు చెప్పుకుంది. తనూ ఈ ఇంటి కోడలేనట. బతికున్నన్నాళ్ళూ ఒక్క పూట వేడన్నం తినలేదట, ఆ కోరికతోనే పోయిందట. ఒక్కసారి కడుపునిండా వేడివేడిగా పెడితే వెళ్ళిపోతానంది. పెట్టకపోతే ఈ జాడీలన్నీ కిందకి తోసేస్తానంది. ఏడాది ఆవకాయ. మనిషి ప్రాణం పోయినా ఆ ఇంట్లో సర్దుకుంటారు గానీ ఆవకాయ పోతే ఊరుకుంటారా? ఉగాది దాకా కూడా ఆగరు, ఆ పూటే బండి కట్టించేస్తారు.

పెడతాలే అంది నాంచారమ్మ. కానీ ఎలా? పక్కగదిలోనే భద్రమ్మ పడుకుంది. రోట్లో పచ్చడి నూరితే లేస్తుంది. తాలింపు చిటపటమంటే లేస్తుంది. అంచేత చప్పుడు కాని వంట చెయ్యాలి. పొయ్యిలో బూడిద కదిపితే అడుగున నిప్పులు ఇంకా కణకణలాడుతున్నాయి. ఆ నిప్పుల మీద చిన్న గిన్నెలో పిడికెడు బియ్యం, పిడికెడు పెసరపప్పు, ఉప్పు, నాలుగు మిరియపు గింజలు వేసి మూత పెట్టింది. నీళ్ళు కాస్త ధారాళంగా పొయ్యాలి, అప్పుడే జారుగా ఉడుకుతుంది. దింపాక నెయ్యి. అంతే, పులగం. జ్వరమొచ్చి లేచినప్పుడు మీకు పెడతానే, అదే.

ఆకులో పెట్టింది. దయ్యం ముద్ద ఎత్తింది. నోటి దాకా వెళ్ళేసరికి పొగ ఆగిపోయి చల్లగా అయిపోయింది. ఇంకో ముద్ద ఎత్తింది, అదీ అంతే. దయ్యం దిగులుగా చూసింది. ఎదుటివాళ్ళకి పెట్టి పెట్టి పోయిన మనిషిని, పక్కన ఎవరూ లేకపోతే నా ముద్ద చల్లారిపోతుంది, నువ్వూ కూచోమంది. నాంచారమ్మ తను తినేశానంది. ఏం తిన్నావో నేను చూశాలే కూచోమంది దయ్యం. ఇద్దరూ ఎదురెదురుగా కూచున్నారు. నాంచారమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. వేడిగా, మెత్తగా, నేతివాసనతో గొంతు దిగింది. ఆ పిల్లకి ఎందుకో ఏడుపొచ్చేసింది. దయ్యం తన ముద్ద తను తింటూ కూచుంది.

ఒక్కసారంటే ఒక్కసారితో పోతుందా? ఏళ్ళ ఆకలి. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది.

ఒకరోజు నిప్పుల్లో వంకాయ కాల్చింది. తొక్కు తీసి, చేత్తోనే మెదిపి, చింతపండు పులుసులో కలిపి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. పొయ్యెక్కించే పనే లేదు, అందుకే అది పచ్చిపులుసు. వేడన్నంలో పోసుకుంటే చెయ్యి ఆగదు. ఇంకోరోజు ఒంట్లో బొత్తిగా శక్తి లేకపోతే, వేడి గంజిలో నాలుగు మెతుకులు, ఇంత ఉప్పు, ఓ చుక్క మజ్జిగ వేసి, ఉల్లిపాయ నంజుకోమని పెట్టింది. దయ్యం అదీ జుర్రుకుని తాగింది. అలిసిపోయిన రోజు అంతకన్నా ఏం కావాలి. ఇవన్నీ బుర్రలో పెట్టుకోండి, రేపు మీకు వండిపెట్టడానికి నేనుండను.

మెల్లిగా నాంచారమ్మ బుగ్గలు నిండుతూ వచ్చాయి. తాయెత్తు పనిచేసిందని భద్రమ్మ మురిసిపోయి, సోదెమ్మకి చీర పెట్టింది.

ఉగాది దగ్గర పడింది. దయ్యం ఆ రోజు మెల్లిగా అడిగింది. ఉప్పుడుపిండి తినాలనుందంది, అడుగున మాడుచెక్కతో సహా. అది తింటే ఇంక ఏ కోరికా లేదంది. తాలింపు లేకుండా ఉప్పుడుపిండి ఎలాగ అనుకుంది నాంచారమ్మ. కానీ ఎదురుగా కూచుని తిన్న మనిషికి కాదని ఎలా చెప్తుంది. మందపాటి ఇత్తడిగిన్నె పెట్టింది. నూనె పోసింది. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరప, అల్లం, కరివేపాకు. గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు, నానేసిన పెసరపప్పు, ఉప్పు. మరిగాక బియ్యపురవ్వ పోసి మూత పెట్టి నిప్పులు తగ్గించేసింది. ఇదంతా బాగానే ఉంది గానీ, ఆవాలు ఊరుకుంటాయా? చిటపటమని ఇల్లంతా వినపడేలా పేలాయి.

భద్రమ్మ లేచింది. వాసన పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. కోడలు దొంగతనంగా వండుకుంటోంది. రెండాకులు వేసున్నాయి. నీ బుగ్గలు ఇందుకా నిండాయి అని మొదలుపెట్టింది. వండిన మనిషి పొయ్యి దగ్గరే తినే రోజులొచ్చాయా, ఇప్పుడే నిన్ను బండెక్కిస్తానని చెయ్యెత్తబోయింది. నాంచారమ్మ కళ్ళు మూసుకుంది.

"భద్రా, కూచోవే. తిన్నావా?" అన్నారెవరో మెత్తగా.

భద్రమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ గొంతు తన తోడికోడలిది. ఈ ఇంటికి ఇద్దరూ వెనకాముందు కోడళ్ళుగా వచ్చారు, ఇద్దరూ ఆఖర్నే తినేవాళ్ళు. గిన్నెలో మిగిలేది ఒక్కరికే. నాకు ఆకలి లేదే, నువ్వు తినెయ్యి అని పెద్దది రోజూ తన ఆకు చిన్నదాని ముందుకి జరిపేది. చిన్నది నిజమే అనుకుని తినేది. పెద్దది ఎండిపోయింది. గాలి సోకిందని దానికీ తాయెత్తులు కట్టారు. ఓ రోజు పోయింది. చిన్నది బతికి, పెరిగి, అత్తగారై, అదంతా మర్చిపోయింది.

భద్రమ్మ కిందికి జారి కూచుంది. నాంచారమ్మే మూత తీసి మూడో ఆకు వేసింది. పిండి వడ్డించి, అట్లకాడతో మాడుచెక్క గీకింది. ఎర్రగా ఒక్కటే ముక్క వచ్చింది. దయ్యం దాన్ని అలవాటుగా భద్రమ్మ ఆకులోకి జరిపి, నాకు ఆకలి లేదు, నువ్వు తినెయ్యి అంది.

"అబద్ధం చెప్పకక్కా," అంది భద్రమ్మ. ఏడుస్తూ ఆ ముక్క విరిచింది. పెద్దముక్క తోడికోడలికి పెట్టింది, ఒకటి కోడలికి పెట్టింది, ఆఖరుది తను తీసుకుంది. ముగ్గురూ కలిసి తిన్నారు. ఎవరి ముద్దా చల్లారలేదు. దయ్యం కడుపునిండా తిని, బ్రేవుమని తేన్చి, చెయ్యి కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్ళింది. మళ్ళీ లోపలికి రాలేదు. నాంచారమ్మ వెళ్ళి చూస్తే గట్టు మీద తడిచెంబు ఉంది, అంతే.

ఆ సాయంత్రం భద్రమ్మ మగవాళ్ళందర్నీ వంటింట్లోకి పిలిచింది. కోడలు ఎక్కడికీ వెళ్ళదంది. ఇవాళ్టి నించి వండిన మనిషి మొదటి బంతిలోనే కూచుంటుందంది. గిన్నెలన్నీ మధ్యలో ఉంటాయి, ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోవాలంది. మరి మాకు వడ్డించేదెవరని ముసలాయన గొణిగాడు. మీ చేతులున్నది కడుక్కోడానికేనా అందావిడ. రంగనాయకులు మాత్రం గరిటె తీసుకుని, ముందు నాంచారమ్మ ఆకులో వేడన్నం పెట్టాడు. పచ్చిపులుసు కలపడం కూడా నేర్చుకున్నాడు. బెల్లం ఎక్కువేస్తాడు, పోన్లే, చేశాడు కదా. ఆ తరవాత అందరూ సుఖంగా ఉన్నారు.

ఇందులో నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేదర్రా. ఆకలి లేదని వంట చేసిన మనిషి చెప్తే నమ్మకండి, అంతే. వంటింట్లో ఇంకా గిన్నెల చప్పుడు వినపడుతోంది, మీ అమ్మే. మనందరికీ పెట్టింది, తను కూచోవడం నేను చూడలేదు. నేను లేద్దామంటే ఈ కాళ్ళు లేవనివ్వడం లేదు. కిట్టూ నిద్రపోయాడు గానీ, అమ్మడూ, నువ్వు లేచి వెళ్ళు. తిన్నావా అని అడక్కు, తిన్నానంటుంది. కంచం పెట్టి, చారు వెచ్చబెట్టమని చెప్పి, ఆవిడ తిన్నంతసేపూ ఎదురుగా కూచో. కథ కంచి దారి పట్టింది, నువ్వు వంటింటి దారి పట్టు తల్లీ.