తడి తగిలిన బ్రష్

దమయంతి మేడమ్‌కి బ్రష్‌ల మీద ఏదో పాత పగ ఉందని ఆ దంతవైద్య కళాశాల విద్యార్థులు చాటుగా నవ్వుకునేవారు. పిల్లల దవడపళ్ళ గాట్లలో పుచ్చు పట్టకుండా సీలెంట్ పూత వేస్తారు. ఆ పూత అద్దే ప్లాస్టిక్ బ్రష్ అగ్గిపుల్ల కంటే సన్నం. దాని కొన నాలుకకో బుగ్గకో రవ్వంత తగిలితే చాలు, ఆవిడ పుటుక్కున విరిచి బుట్టలో పారేసేవారు. పన్ను కడిగి, ఆరబెట్టి, కొత్త బ్రష్‌తో మళ్ళీ మొదటికొచ్చేవారు. అదేం ఓపికో, బాబోయ్!

ఒకనాడు ఆవిడ శిష్యుడు చంద్రమౌళి ఏడేళ్ళ పిల్లాడికి పూత వేస్తున్నాడు. వాడు కుదురుగా కూర్చుంటేనా! మూడుసార్లు నోరు మూసేశాడు. నాలుగోసారి బ్రష్ వాడి నాలుకకి తగిలింది. మౌళికి విసుగెత్తిపోయింది. దాన్ని దూదికి తుడిచి, అదే బ్రష్‌తో పని కానిచ్చి, నీలం లైటు పెట్టి పూత గట్టిపరిచాడు. పన్ను చక్కగా మెరిసింది. "ఇంక ఈ పన్నుకి భయం లేదన్నా" అని తండ్రికి చెప్పి, చీటీ రాసిస్తానని బయట కూర్చోబెట్టాడు. వెనక్కి తిరిగితే ఎదురుగా మేడమ్! అంతా చూడనే చూశారు.

మౌళి ముఖం చిన్నబోయింది. "ఆ మాత్రం తడికి ఏమవుతుంది మేడమ్? పైకి ఏమీ తెలియడం లేదు కదా!" అన్నాడు ఉక్రోషంగా.

మేడమ్ అతన్ని రమ్మని పక్కగదిలోకి నడిచారు. అక్కడ బుగ్గ వాచిన పదకొండేళ్ళ పిల్ల పన్ను తీయించుకోవడానికి కూర్చుని ఉంది. తల్లి ఈరమ్మ చెయ్యి పట్టుకోబోతే ఆ పిల్ల విడిపించుకుంది. మేడమ్ పాత కార్డొకటి తీసి మౌళి చేతికిచ్చారు. ఐదేళ్ళ కిందట ఒక పల్లె బడిలో ఆ పిల్లకి అదే పన్నుకి సీలెంట్ వేశారు. కింద ఉన్న సంతకం మేడమ్‌దే.

"ఆ రోజు బ్రష్ నాలుకకి తగలడం నేను చూశానమ్మా" అన్నారావిడ ఈరమ్మతో. "బయట పిల్లలు వరసకట్టి ఉన్నారని ఊరుకున్నాను. పూత సరిగా అతుక్కోలేదు. దాని కిందే పుచ్చింది. తప్పు నాది."

ఈరమ్మ విరుచుకుపడుతుందని మౌళి అనుకున్నాడు. ఆమె కూతురి వంక చూసి భోరుమంది.

"మందు పూసినారు, ఇంక పుచ్చదని చెప్పినారు గదమ్మా! అందుకే ఇది నొప్పి నొప్పి అని ఏడుస్తున్నా నమ్మలే. బడి ఎగ్గొట్టనీకి నాటకాలని కొట్టినా తల్లీ, చీపురుకట్టతో కొట్టినా!"

పిల్ల తల్లివైపు తల తిప్పలేదు. "తీసేస్తే మళ్ళీ మొలుస్తాది గదా?" అని మేడమ్‌ని అడిగింది.

"ఇది పాలపన్ను కాదమ్మా. మొలవదు" అన్నారు మేడమ్.

మౌళి అక్కడ నిలబడలేకపోయాడు. ఒక్క పరుగున వసారాలోకొచ్చాడు. పిల్లాడి తండ్రి అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"అన్నా, ఆగు. పూత సరిగా వేయలేదు. తప్పు నాదే. మళ్ళీ వేస్తాను."

"ఇప్పుడే గదా సార్, భయం లేదంటిరి!" అన్నాడు అతను, ముఖం గంటు పెట్టుకుని. మౌళి తలవంచుకుని పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళాడు. పాత పూత తీసి, మళ్ళీ వేసేసరికి నాలుగు బ్రష్‌లు అయ్యాయి.

చేతులు కడుక్కుంటూ మౌళి మెల్లగా అడిగాడు. "ఒక్క పన్ను పోతుందనేనా మేడమ్, మీకింత పట్టుదల?"

ఆవిడ ఆ పాత కార్డుని సొరుగులో పెట్టారు.

"ఇన్నాళ్ళూ పన్ను కోసమే అనుకున్నాను మౌళీ! ఆవేళ నేను ఏమీ వేయకుండా పంపేసి ఉంటే, ఆ పిల్ల ఏడ్చినప్పుడు వాళ్ళమ్మ నమ్మేది."