ఆగిపోయిన పంకా

"ఒరే పైడిగా! మళ్లీ నిద్రపోయావట్రా?"

జమీందారు గారికి ఇంగ్లీషు చెప్పే సోమయాజుల పంతులు గోడవైపు తిరిగి అరిచాడు. గోడ అవతల చీకటి వసారాలో, ఆరేళ్లుగా ఒంటరిగా పంకా తాడు లాగుతున్న పైడయ్య ఉలిక్కిపడ్డాడు.

"తమరు పాఠం చదువుతుంటే మధ్యలో రోజూ పంకా ఆగుతోంది ప్రభూ. వీణ్ణి ఈ పూటే పంపించెయ్యండి."

"పంతులు గారూ, ఈసారి తమరే చదవండి," అన్నాడు పైడయ్య గోడ అవతల్నుంచే. "నాకు నిద్ర ఎక్కడొస్తుందో బాబుగారే చూస్తారు."

పంతులు కండువా సవరించుకున్నాడు. "బిఫోర్, ఆఫ్టర్, వితౌట్ లాంటి మాటల తర్వాత క్రియకి 'ఇంగ్' తగిలించాలి. బిఫోర్ ఈటింగ్."

పంకా ఊగింది.

"ఆఫ్టర్ స్లీపింగ్."

వెన్నెల్లో పడవలా ఊగింది.

"వితౌట్ ఆస్క్."

పంకా టక్కున ఆగిపోయింది.

జమీందారు పుస్తకం తిరగేశాడు. అందులో 'వితౌట్ ఆస్కింగ్' అని ఉంది. పంతులు ముఖం మాడిపోయింది.

"అయితే రోజూ నేను తప్పు చదివినప్పుడే ఆగేదట్రా?" అన్నాడు జమీందారు.



"అవును బాబూ. ఇక్కడ నాతో మాట్లాడే మనిషి లేడు. మీ పాఠమొక్కటే నాకు తోడు, వినీ వినీ కంఠతా వచ్చేసింది. దానికి దెబ్బ తగిలితే నా చెయ్యి ఆడదు బాబూ."